నీళ్ళు చూసుకుంటాయి

సెలవు రోజు మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడం కూడా తప్పేనని కోడలికి ఆ రోజు తెలిసొచ్చింది. అలా కన్ను మూతపడిందో లేదో, ఎడమకాలి వేళ్ళ మీద ఏదో పాకినట్టయింది. ఉలిక్కిపడి లేచి చూస్తే మంచం చివర అత్తగారు. ముసలావిడ నేల మీద చతికిలబడి, చేతిలో జానెడు ఉన్ని దారం పట్టుకుని, కోడలి పాదం వంక కళ్ళార్పకుండా చూస్తోంది.

ఏంటత్తయ్యా అని అడిగితే చీమ అన్నది. చీమ పాకుతుంటే తీశాను, పడుకో అన్నది.

కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కుకుని బతుకుతున్న ఈ చలిలో చీమ ఎక్కణ్ణించి ఊడిపడింది? కోడలు దుప్పటి దులిపింది, దిండు తిరగేసింది. చీమా లేదు, దోమా లేదు. అత్తగారు మాత్రం దారాన్ని వేలికి చుట్టుకుంటూ గోడ పట్టుకుని లేచి, ఏమీ ఎరగనట్టు ముందుగదిలోకి వెళ్ళిపోయింది. కోడలు కాలు దుప్పట్లోకి లాక్కుంది. పదిమందికి చూపించుకునే కాలు కాదది. పనిచేసే చోట నిండు ఇనప బక్కెట్టు పడి, బొటనవేలి మీదికి పక్కవేలు ఎక్కి, పాదం ముందువైపంతా ఉబ్బి అలాగే ఉండిపోయింది. ఏ చెప్పూ పట్టదు. పట్టినా కొరుకుతుంది. అందుకే పనికి వదులు రబ్బరు బూట్లతో పోతుంది, నేల ఎంత చల్లగా ఉన్నా ఇంట్లో వట్టి కాళ్ళతోనే తిరుగుతుంది.

మళ్ళీ కునుకు పట్టే వేళకి జుట్టు కాలిన కంపు కొట్టింది.

ముసలావిడ తలకి నిప్పంటుకుందనే అనుకుంది కోడలు. పరుగున ముందుగదిలోకి వెళ్ళి, మాటా పలుకూ లేకుండా అత్తగారి తల రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ముడి చెక్కుచెదరలేదు. ఏంటే నీకు, పేలు చూస్తావా అన్నది అత్తగారు. వంటింట్లోకి వెళ్తే పొగ. స్టవ్ మీద పాలగిన్నె, అడుగంటా మాడి, అందులో నల్లగా అరచేతిలో పట్టేంత ముద్ద ఏదో అంటుకుపోయి ఉంది. అదేమిటో, ఎందుకు పెట్టిందో గిన్నెని చూస్తే తెలిసేట్టు లేదు.

ఏం పెట్టారని అడిగింది. అత్తగారు గుమ్మంలో నిలబడి గిన్నె వంక చూసి, దించడం మర్చిపోయానే అని నాలిక కరుచుకుంది. ఏం పెట్టారో అది చెప్పండి అని గట్టిగా అడిగితే, ఏదోలే, నీకెందుకు అన్నది. కోడలు ఆ గిన్నెని గీకింది, తోమింది, నానబెట్టి మళ్ళీ తోమింది, చివరికి చెత్తలో పడేసింది.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమంటారు. ఆ సాయంత్రం మొగుడు బస్సు డ్యూటీ దిగి ఇంటికి రాగానే కోడలి నోరు జారింది. చీమ సంగతి చెప్పింది. గిన్నె సంగతి చెప్పింది. అక్కడితో ఆగితే పోయేది. ఆగకుండా, "అత్తయ్యకి మతి తప్పుతోందేమోనండీ" అని కూడా అన్నది. అనేశాక అలా అనకుండా ఉండాల్సిందనిపించింది. కానీ డ్రైవరుగారు అప్పటికే ఫోన్ తీసి అక్కగారికి చెప్పేస్తున్నాడు. ఆవిడకి మందుల షాపుంది. లోకంలో ఉన్న ప్రతి రోగమూ ఆవిడ కౌంటరు ముందు నుంచే పోతుందని ఆ ఇంట్లో నమ్మకం. ఆదివారం వస్తాను, నేను వచ్చేదాకా అమ్మని స్టవ్ దగ్గరికి రానివ్వకండి అని చెప్పి ఆవిడ ఫోన్ పెట్టేసింది.

మర్నాడు పనిలో కూడా కోడలి బుర్రలో అదే గోల. ఆ పని పాత స్వెట్టర్ల పని. జనం వదిలించుకున్న ఉన్ని స్వెట్టర్లు మూటలు మూటలుగా అక్కడికి వస్తాయి. మోచేతులు చిరిగినవి, పురుగు కొట్టినవి, పిల్లలు ఎదిగిపోయి వదిలేసినవి, ఎవరో పోతే వాళ్ళ బీరువాలోంచి తీసినవి. గుమ్మం పక్కన బొత్తాలావిడ కూర్చుంటుంది. బొత్తాలూ జిప్పులూ కత్తిరించి డబ్బాల్లో వేయడం ఆవిడ పని. అనుమానం వచ్చిన స్వెట్టరు నుంచి ఒక పోగు లాగి కొవ్వొత్తికి చూపిస్తుంది. జుట్టు కాలిన కంపు కొట్టి బూడిదైతే ఉన్ని. కరిగి పూసలా గట్టిపడితే ప్లాస్టిక్కు, దాన్ని పక్కకి విసిరేస్తుంది.

అక్కణ్ణించి కోడలి చేతికి. మరిగే సబ్బునీళ్ళ తొట్టిలో వేసి కర్రతో కుమ్మాలి. తీసి చన్నీళ్ళలో ముంచాలి. మళ్ళీ వేణ్ణీళ్ళు, మళ్ళీ కుమ్ముడు. ఉన్ని బెదిరినట్టు ముడుచుకుంటుంది. అల్లిన కుట్లన్నీ ఒకదాన్లో ఒకటి దూరిపోయి, ఏది ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిసిపోయి, వేలి మందాన దళసరి బట్టవుతుంది. అదే ఫెల్టు. ఇక దాన్ని ఎక్కడ కోసినా పోగు ఊడదు, కుట్టు విడదు. ఆ బట్టని కత్తెరమ్మ బల్ల మీద పరిచి కోస్తుంది. ఆవిడే ఆ చోటుకి యజమాని. వేడి గిన్నెలు పట్టుకునే మసిగుడ్డలు, కప్పుల కింద వేసే బిళ్ళలు, టీ కెటిల్‌కి టోపీలు, దిండు గలీబులు, అన్నీ ఆవిడ కత్తెర లోంచే వస్తాయి. ఉడికాక ఎంత వస్తే అంత. ఉడక్కముందు ఎంతుండేదని అక్కడ ఎవరూ చూడరు, చూసే అవసరమూ లేదు.

కర్రతో కుమ్ముతూనే కోడలు బొత్తాలావిడకి ఇంటి సంగతి చెప్పుకుంది. చెప్పుకుంటే బరువు తగ్గుతుందనుకుంది గాని, రెట్టింపైంది. బొత్తాలావిడ మేనత్తకి కూడా ఇలా గిన్నె మాడ్చడంతోనే మొదలైందట. ఆ తర్వాత తలుపులు తీసుకుని రోడ్ల మీద పడిందట. ఆ తర్వాత కన్నకూతుర్నే ఎవరమ్మా నువ్వని అడిగిందట. కోడలి చేతిలో కర్ర ఆగిపోయింది. తొట్టిలో స్వెట్టరు మోతాదుకి మించి ఉడికి, రాయిలా ముద్దకట్టుకుపోయింది. కత్తెరమ్మ దాన్ని బల్ల మీద వేసి కొట్టి చూసి, తలుపు కింద అడ్డం పెట్టుకోడానికి పనికొస్తుందిలే అని ఊరుకుంది.

ఇంటికొచ్చి రబ్బరు బూట్లు విప్పితే కాళ్ళు తెల్లగా నానిపోయి ఉన్నాయి. అత్తగారు ముందుగదిలో దీపం కింద కూర్చుని అల్లుతోంది. అల్లిక ఆవిడకి కొత్త కాదు. ఉడకబెట్టడానికి కూడా పనికిరానంత చిల్లులు పడ్డ స్వెట్టర్లని కోడలు ఇంటికి తెస్తే, ఆవిడ వాటిని విప్పి, ముక్కలు కలిపి, ఉండలు చుట్టుకుంటుంది. మీ దగ్గర అల్లేవాళ్ళు అక్కర్లేదా అని కోడల్ని ఒకసారి అడిగింది కూడా. అల్లికదేముందత్తయ్యా, మాదంతా ఉడకబెట్టే పని అని కోడలు నవ్వేసింది. ఆ పూట అత్తగారు అన్నం తినలేదు, ఆకలి లేదన్నది.

ఇప్పుడు ఆవిడ ఒళ్ళో ఉన్నది ఏమిటో మొదట కోడలికి అంతుపట్టలేదు. సంచా అంటే సంచి కాదు, టోపీ అంటే టోపీ కాదు. నాలుగు సూదుల మధ్య గుండ్రంగా తిరుగుతూ, ఒక చివర మూసుకుని ఉంది. మడమ వంపు చూశాక అర్థమైంది, అది కాలికి తొడుక్కునే చెప్పు. చెప్పంటే చెప్పు కాదు, చంటిపిల్లని పడుకోబెట్టొచ్చు అందులో. వదులు వదులుగా, వేలు పెడితే అటు బయటికొచ్చేంత పెద్ద కుట్లు. చేయి తిరిగిన మనిషి అల్లికలా లేనే లేదు.

డ్రైవరుగారు రాగానే దాన్ని చూసి, పగలబడి నవ్వి, తన రెండు పాదాలూ కలిపి అందులోకి దూర్చాడు. రెండూ పట్టాయి. ఏనుక్కి అల్లుతున్నావా అమ్మా అని అడిగాడు. అత్తగారు వాడి కాళ్ళ మీద చిన్న దెబ్బ వేసి లాక్కుంది.

"ఉన్నవాళ్ళకే అల్లుతున్నాలేరా."

"ఇంత కాలు ఎవరికుందే?"

"నీళ్ళు చూసుకుంటాయి," అన్నది అత్తగారు, కుట్లు లెక్కపెట్టుకుంటూ.

ఆ మాటకి తలా తోకా లేదు. డ్రైవరుగారి నవ్వు ఆగిపోయింది. పెళ్ళాం వంక చూశాడు. కోడలు తల దించుకుంది. ఏ నీళ్ళు, ఏం చూసుకుంటాయి? అడిగితే మరో పిచ్చి జవాబు వస్తుందేమోనని భయపడి ఇద్దరూ అడగలేదు. దీపం కింద చీకటన్నట్టు, పొద్దస్తమానం వేణ్ణీళ్ళలో ఉన్ని కుమ్మి వచ్చిన మనిషికి కూడా ఆ మాట ఎక్కడా తగల్లేదు.

ఆదివారం వదినగారు రానే వచ్చింది. చేతిసంచీలో మాత్రల అట్టలు, మొహంలో సగం దిగులు, సగం అధికారం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడకి తల్లి మీద ప్రేమ లేక కాదు. ప్రేమ ఉన్నవాళ్ళే ఇలాంటి పనులు మరీ పట్టుదలగా చేస్తారు. తల్లి ఎదురుగా కుర్చీ వేసుకుని ఇవాళ ఏం వారమమ్మా అని అడిగింది. నువ్వు షాపు మూసి వచ్చావంటే ఆదివారమే కదే అన్నది అత్తగారు. వీడెవరని తమ్ముణ్ణి చూపించి అడిగింది. నా కొడుకునని చెప్పుకుంటుంటాడు అన్నది అత్తగారు. ఇంకో రోజైతే ఇల్లంతా నవ్వేది. ఆ రోజు వదినగారు తమ్ముడి వంక చూసి, చూశావా, సూటిగా చెప్పలేక దాటేస్తోంది, ఇది కూడా ఒక లక్షణమే అన్నది.

అప్పటికి రెండో చెప్పు కూడా అయింది. వదినగారు రెండిట్నీ పక్కపక్కన బల్ల మీద పెట్టింది. ఒకటి పెద్దది. రెండోది ఇంకా పెద్దది. ముందు భాగం ఒక పక్కకి బొర్రలా ఉబ్బి, చూడ్డానికే అసహ్యంగా ఉంది. పొడవైతే మరీ ఘోరం. చేతికర్ర అంత కాకపోయినా దానికి తమ్ముడంత ఉంటుంది.

"రెండూ ఒక సైజు కూడా కాదు," అన్నది వదినగారు. "మా చిన్నప్పుడు కళ్ళు మూసుకుని అల్లేది. ఒక్క కుట్టు తేడా వచ్చేది కాదు."

అత్తగారు అందుకోబోయింది. వదినగారు ఆపింది. ఆపి, కోడలి వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మాయ్. రోజూ చూసేదానివి నువ్వు. ఆవిడ ఇదివరకటి మనిషేనా?"

గదిలో అందరి చూపులూ కోడలి మీదికి వచ్చాయి, అత్తగారి చూపుతో సహా. ఆ చూపులో బతిమాలడం లేదు, కోపమూ లేదు. ఏదో ఎదురుచూస్తున్నట్టుంది, అంతే. కోడలు తనలో తను లెక్క వేసుకుంది. ఆవిడ పొద్దున్నే లేస్తుంది, పాలు కాస్తుంది, పక్కింటివాళ్ళ మాటలు అప్పజెప్తుంది, బస్సు ఆలస్యమైతే కొడుకు కోసం గుమ్మంలో నిలబడుతుంది. మరి గిన్నె? మరి చీమ? ఎండ పడే గది అత్తగారిది, ఆవిణ్ణి వదినగారు తీసుకుపోతే ఆ గదిలో తడికాళ్ళు ఆరబెట్టుకోవచ్చన్న ఆలోచన కూడా పిలవని పేరంటంలా వచ్చి ఒక మూల కూర్చుంది. కోడలికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆ గాభరాలో, ఏది నిజమో ఏది తన అవసరమో తేల్చుకోలేక, జరిగింది జరిగినట్టు చెప్తే పాపం లేదనుకుంది.

గిన్నె మాడింది వదినా అని చెప్పింది. లేని చీమని తీసింది అని కూడా చెప్పింది.

అత్తగారు చూపు తిప్పేసుకుంది.

తీర్పు చెప్పడానికి వదినగారికి ఎంతోసేపు పట్టలేదు. తన దగ్గరికి తీసుకుపోతుంది. ఏడో అంతస్తు, లిఫ్టుంది, వేడి గదులు. పగలు షాపులో ఉంటుంది కాబట్టి బయట తాళం వేసుకుంటుంది, స్టవ్ అందకుండా చూస్తుంది. అత్తగారు ఒక్కసారే, నేనెక్కడికీ రాను, ఈ గుమ్మం దాటించకండి నన్ను అన్నది. నీ మంచికేనమ్మా అన్నది కూతురు. కొడుకు తాళాల గుత్తి చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. వాడు తల్లి మాటా కాదనలేడు, అక్క మాటా కాదనలేడు. అలాంటివాళ్ళు మౌనంగా ఉండి ఇద్దర్నీ కాదంటారు.

పోతూ పోతూ వదినగారు అల్లిక సూదులు నాలుగూ ఏరి చేతిసంచీలో వేసుకుంది. కంట్లో పొడుచుకుంటే దిక్కెవరు అన్నది. షాపులో మనిషిని కుదుర్చుకుని ఎల్లుండి సాయంత్రం కారు తెస్తానని చెప్పి వెళ్ళింది. అత్తగారు ఆ తర్వాత ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు మాత్రం ఊరుకోలేదు. చీర కుచ్చెళ్ళని పట్టుకుని మడతపెడుతూ, విప్పుతూ ఉన్నాయి.

మంగళవారం పొద్దున కోడలు పనికి బయల్దేరుతుంటే అత్తగారు వంటింట్లోంచి వచ్చి, కోడలి సంచీ తనే అందించింది. ఎప్పుడూ లేనిది అందిస్తోందే అనిపించింది గాని, బస్సు పోతుందని కోడలు గుమ్మం దాటేసింది.

తిండి వేళకి సంచీ తెరిస్తే అందులో అన్నం డబ్బా లేదు. డబ్బా ఉండాల్సిన చోట, కుక్కి కుక్కి పెట్టిన ఆ రెండు చెప్పులున్నాయి.

కోడలు వాటిని బయటికి తీసి బల్ల మీద పడేసి అలా చూస్తుండిపోయింది. అన్నం డబ్బాకీ ఉన్ని చెప్పుకీ తేడా తెలియని స్థితికి వచ్చేసిందా మనిషి? నిన్న మొన్నటిదాకా ఎక్కడో ఒక మూల తను అబద్ధం చెప్పానేమోనన్న గుబులు ఉండేది. ఇప్పుడు అది పోవాలి కదా, సాక్ష్యం చేతిలోనే ఉంది కదా. పోలేదు. పైగా ఏడుపొచ్చింది. బొత్తాలావిడ తన డబ్బాలో అన్నం సగం ఇటు జరిపి, మా మేనత్త కూడా ఇంతే అని మొదలుపెట్టబోయి, కోడలి మొహం చూసి ఊరుకుంది.

తిన్నాక ఆ చెప్పుల్ని మళ్ళీ సంచీలో పెట్టుకోబుద్ధి కాలేదు. సాయంత్రం కారొస్తుంది, వదినగారు వీటిని చూసి ఇంకో నాలుగు మాటలంటుంది. ఎంత చెడ్డా ఉన్ని ఉన్నే. ఉడకబెడితే కనీసం నాలుగు మసిగుడ్డలు వస్తాయి, ఆవిడ గుర్తుగా ఒకటి ఇంట్లో ఉంచుకోవచ్చు. అలా అనుకుని రెండిట్నీ తొట్టిలో వేసి కర్ర అందుకుంది.

కుమ్మింది. చన్నీళ్ళలో ముంచింది. మళ్ళీ వేణ్ణీళ్ళలో వేసింది. మనసు ఇంటి దగ్గర ఉంది, చేయి ఇక్కడ ఉంది. ఒక మూట స్వెట్టర్లు వస్తే ఆ మూట విప్పించి వచ్చేసరికి ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువసేపే ఉండిపోయాయి. హడావిడిగా తీసి, పిండి, కత్తెరమ్మ బల్ల మీద వేసింది.

కత్తెరమ్మ కత్తెర అందుకుని, ఒకదాన్ని చదును చేయబోయింది. అది చదును కాలేదు. మడమ దగ్గర గిన్నెలా నిలబడింది. ఆవిడ కత్తెర పక్కన పెట్టి, దాంట్లో చేయి పెట్టి చూసి, ఇందులో కోసేదేముందమ్మాయ్, ఇది అయిపోయిన వస్తువు కదా అన్నది.

కోడలు దగ్గరికొచ్చి చూసింది. బల్ల మీద మామూలు సైజు చెప్పుల జత ఉంది. అల్లిక కుట్లు కనబడడం లేదు, అంచులు నున్నగా ఉన్నాయి. వేలు దూరేంత వదులు కుట్లు ఎందుకో అప్పుడర్థమైంది. బిగించి అల్లితే ఉన్ని కలవదు, చోటుండాలి. ఉన్ని అడ్డం కంటే నిలువు ఎక్కువ పోతుందని ఆవిడ లెక్క కట్టుకుంది. అంత పొడవూ అందుకే. ఎడమది కుడిదాని కంటే పెద్దది, ముందువైపు ఒక పక్కకి ఉబ్బి ఉంది.

కోడలు నిలబడ్డచోటే రబ్బరు బూటు లాగేసింది. మేజోడు లాగేసింది. ఉబ్బిన ఎడమపాదాన్ని ఆ తడి చెప్పులోకి పెట్టింది. బొటనవేలి మీదికెక్కిన వేలు ఆ ఉబ్బులో వెళ్ళి కూర్చుంది. బక్కెట్టు పడ్డప్పటి నుంచి ఏ చెప్పులోనూ దొరకని చోటు దానికి దొరికింది.

చీమ. చీమ కాదది, కాలు కొలిచిన జానెడు ఉన్ని దారం. పాలగిన్నెలో ముద్ద, ఉన్ని ఎంత ముడుచుకుంటుందో చూడ్డానికి అల్లి ఉడకబెట్టుకున్న ముక్క. జుట్టు కాలిన కంపుకి తను ముసలావిడ తల పట్టుకుని చూసింది గాని, రోజూ కొవ్వొత్తి దగ్గర అదే కంపుతో ఉన్నిని పోల్చుకునే చోట పనిచేస్తున్నానని గుర్తు రాలేదు. అన్నం డబ్బా తీసి చెప్పులు పెట్టింది మతి లేక కాదు. సూదులు పోయాయి, స్టవ్ దగ్గరికి రానివ్వరు, సాయంత్రం కారొస్తోంది. ఇంకెలా చెప్పాలి ఆవిడ?

ఎక్కడికమ్మాయ్ అని కత్తెరమ్మ అడుగుతూనే ఉంది. కోడలు చెప్పుల్లో పాత కాగితాలు కుక్కి, సంచీలో వేసుకుని అప్పటికే వీధిలో పడింది.

ఇంటి ముందు కారు ఆగి ఉంది. లోపల వదినగారు బీరువా ముందు నిలబడి తల్లి చలిబట్టలు ఎంచుతోంది. డ్రైవరుగారు సెలవు పెట్టి మరీ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోడలు గుమ్మంలో బూట్లు విడిచి, చెప్పుల్లో కాగితాలు పీకేసి, తడివాటినే తొడుక్కుని లోపలికి నడిచింది.

వదినగారి చూపు ముందు కాళ్ళ మీదే పడింది.

"బాగున్నాయే. నీ కాలికి పట్టేవి ఎక్కడ దొరికాయి?"

"ఇవి అవే వదినా. మీరు బల్ల మీద పెట్టి చూపించినవే. ఇవాళ మా తొట్టిలో వేశా."

డ్రైవరుగారు కుర్చీలోంచి లేచాడు. వంగి ఒకసారి చూశాడు. తన రెండు పాదాలూ పట్టిన చెప్పు పెళ్ళాం ఒక్క పాదానికి సరిపోయి ఉండడం చూసి, మళ్ళీ కూర్చున్నాడు. కోడలు అప్పుడు చెప్పింది. దారం సంగతి, ముక్క సంగతి, డబ్బా సంగతి, ముందువెనకలుగా, తడబడుతూ చెప్పింది.

వదినగారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. సరే, అల్లిక తెలిసే అల్లింది, మరి గిన్నె మాడిన మాట అబద్ధమా, స్టవ్ మీద పెట్టి మర్చిపోయిన మాట అబద్ధమా అని అడిగింది. అడగడంలో తప్పు లేదు. అది అబద్ధం కాదు. కోడలికి కూడా ఆ ప్రశ్నకి పూర్తి జవాబు తెలియదు. ముసలావిడ మతి ఎంత ఉంది, ఎంత పోయింది, దాన్ని ఏ దారంతో కొలవాలి?

"మర్చిపోయింది వదినా. నేనూ మర్చిపోయి ఎన్ని స్వెట్టర్లు ముద్ద చేశానో మా కత్తెరమ్మనడగండి. నన్నెవరూ తీసుకుపోయి తాళం వేయలేదు. ఆ రోజు నేను చెప్పింది తప్పు. అత్తయ్యని పంపను."

వదినగారు తమ్ముడి వంక చూసింది. తమ్ముడు తాళాలు జేబులో వేసుకుని, ఉండనీ అక్కా అన్నాడు. అంతకంటే పెద్ద మాట వాడు జన్మలో అని ఉండడు. వదినగారు చేతిలో ఉన్న శాలువాని కాసేపు మడతపెట్టింది, విప్పింది, అచ్చం తల్లిలాగే. తర్వాత చేతిసంచీ తెరిచి నాలుగు సూదులూ తీసి బల్ల మీద పెట్టింది. కారుని పంపించి వస్తానని బయటికి వెళ్ళింది.

అత్తగారు ఎండ పడే గదిలో మంచం మీద కూర్చుని ఉంది. పక్కన మూట, నాలుగు కొసలూ బిగించి ముడేసిన దుప్పటి. అన్నీ వినే ఉంటుంది. ఆ ఇంట్లో వినపడని మాటంటూ లేదు. కోడలు వెళ్ళి ఎదురుగా నిలబడింది. ముసలావిడ మొహం వంక చూడలేదు. కాళ్ళ వంకే చూసింది. వంగి, ఎడమ చెప్పు మీద బొటనవేలితో నొక్కి, ఉబ్బు దగ్గర చుట్టూ తడిమింది.

"ఇంకాస్త వదులుండాలి ఇక్కడ. ఎక్కువసేపు ఉడికించావు."

"అవునత్తయ్యా," అన్నది కోడలు. తర్వాత ఉండబట్టలేక అడిగింది. "నాకొక్క ముక్క చెప్తే ఏం పోయేది?"

"చెప్పాగా, నీళ్ళు చూసుకుంటాయని." అత్తగారు నిటారుగా కూర్చుంది. "నీళ్ళ పని నీది కదే. వాళ్ళకి తెలియకపోయినా నీకు తెలుస్తుందనుకున్నా."

కోడలికి ఆ ఆదివారం గదిలో అందరూ తన వైపు చూసినప్పుడు అత్తగారి కళ్ళు దేనికోసం ఎదురుచూశాయో ఇప్పుడు తెలిసింది. తెలిసి చేసేదేముంది?

అత్తగారు మూట తన వైపు లాక్కుని ముడి విప్పడం మొదలుపెట్టింది. వెళ్ళడం ఇష్టం లేక కట్టిన మూటో, కోపంతో కట్టిన మూటో, బాగా బిగిసిపోయి ఉంది. కోడలు పక్కన కూర్చుని చెయ్యి వేయబోయింది. అత్తగారు ఆ చెయ్యి పక్కకి తీసి పెట్టింది. విసురుగా కాదు, నెమ్మదిగానే.

"నేనే కట్టా. నేనే విప్పుకుంటా."

కోడలు లేచి తడి చెప్పులతో అక్కడే నిలబడింది. ఆ ముడి విప్పడానికి అత్తగారికి చాలాసేపు పట్టింది.